పొగ కనబడక ముందే
కార్చిచ్చు కాలంలో సెలవుల ప్రయాణం గురించి ఒక పాఠం

మనకు వేసవి సెలవులంటే ఏప్రిల్, మే, జూన్ నెలలు. ఆస్ట్రేలియా పిల్లలకు వేసవి సెలవులంటే డిసెంబరు, జనవరి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కనుక అక్కడి ఋతువులు మనకు తలకిందులుగా ఉంటాయి. మనం స్వెట్టర్లు వేసుకొని బడికి వెళ్ళే రోజుల్లో వాళ్ళు ఎండకు టోపీలు పెట్టుకొని సముద్రపు ఒడ్డున ఆడుకొంటారు. క్రిస్మస్ ముందు మూసిన బడులు జనవరి చివరిలో తెరుస్తారు. ఆ సెలవుల్లో కారులో గుడారం, మడత కుర్చీలు, చిన్న పొయ్యి వేసుకొని, వందల కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్ళి, అడవి పక్కనో సముద్రం పక్కనో నాలుగు రోజులు గుడారంలో గడిపి రావడం అక్కడి కుటుంబాల్లో చాలామందికి అలవాటు. మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా పులిహోర డబ్బా, ఆవకాయ సీసా వెంట పెట్టుకొని ఇలాగే బయలుదేరుతుంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో అడవులు అంటుకొనే కాలం కూడా సరిగ్గా అదే. సెలవులు, ఎండలు, కార్చిచ్చు మూడూ ఒకే నెలల్లో కలిసి వస్తాయి. ఊరి సంగతులు తెలియని వేలమంది, తెలియని రోడ్ల మీద, అడవి మధ్యకు వెళ్ళేది కూడా అప్పుడే.

ఈ పాఠంలో మనం రెండు విషయాలు తెలుసుకొందాం. మొదటిది, అడవిలో మంట ఎలా నడుస్తుంది? రెండవది, ఆ నడక తెలిసినవాళ్ళు ప్రయాణాన్ని ఎలా ఆలోచించుకొంటారు? చివరికి మన దేశానికి కూడా వద్దాం. ఎందుకంటే మన వేసవి సెలవుల్లోనూ మన అడవులు ఎండి ఉంటాయి.

అడవి ఎందుకంత తేలిగ్గా అంటుకొంటుంది?

మంట బతకాలంటే మూడు కావాలని సైన్సు పాఠంలో చదువుకొన్నాం: ఇంధనం, ఆక్సిజన్, వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా మంట ఆరిపోతుంది. అడవిలో ఆక్సిజన్‌ను మనం తీసేయలేం. వేసవి వేడినీ తగ్గించలేం. మిగిలింది ఇంధనం. ఆస్ట్రేలియా అడవిలో అది కావలసినంత ఉంటుంది.

మన కోస్తాలో, తెలంగాణలో రైతులు పెంచే జామాయిల్ తోటలు మీరు చూసే ఉంటారు. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. జలుబు చేస్తే మన ఇళ్ళలో వాడే నీలగిరి తైలం ఈ జాతి చెట్ల ఆకుల నుంచే వస్తుంది. ఆ తైలం త్వరగా మండే గుణం కలది. పైగా ఈ జాతిలో చాలా చెట్లకు బెరడు పొడవాటి రిబ్బన్లలా ఊడి వేలాడుతుంది. రాలిన ఆకులు, బెరడు, పుల్లలు నేల మీద మందపు పరుపులా పేరుకుంటాయి. వానలు లేని ఏడాదిలో ఆ పరుపు అప్పడంలా ఎండిపోతుంది.

2019లో అదే జరిగింది. వాతావరణ రికార్డులు మొదలైన తరవాత ఆస్ట్రేలియాలో అంత వేడి, అంత తక్కువ వాన ఉన్న సంవత్సరం మరొకటి లేదు. దీనికి ఒక కారణం మన హిందూ మహాసముద్రంలోనే ఉంది. ఆ ఏడాది సముద్రపు పడమటి భాగం, అంటే ఆఫ్రికా వైపు నీరు, మామూలుకన్నా వెచ్చగా ఉంది. తూర్పు భాగం, అంటే ఇండోనేషియా వైపు నీరు, చల్లగా ఉంది. ఇలాంటి తేడాను శాస్త్రజ్ఞులు ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. నీరు వెచ్చగా ఉన్నచోట మేఘాలు పడతాయి, చల్లగా ఉన్నచోట తగ్గుతాయి. ఆ ఏడాది మనకు నైరుతి రుతుపవనాలు సగటుకన్నా పది శాతం ఎక్కువ వాన ఇచ్చాయి. తూర్పు ఆఫ్రికాలో వరదలు వచ్చాయి. ఆస్ట్రేలియా ఎండిపోయింది. ఒకే సముద్రం ఒక ఒడ్డున చెరువులు నింపింది, మరో ఒడ్డున అడవులను ఎండబెట్టింది.

మంట నడిచే దారి

ఎండిన అడవిలో నిప్పు పడితే అది ఎటు పోతుంది, ఎంత వేగంగా పోతుంది? మూడు విషయాలు గుర్తుంచుకొంటే చాలు: వాలు, నిప్పురవ్వ, గాలి.

వాలు. అగ్గిపుల్ల వెలిగించి తల కిందికి పెడితే మంట చేతివైపు ఎగబాకుతుంది. మంట వేడి పైకి పోతుంది కనుక పైనున్న పుల్ల ముందే వేడెక్కి త్వరగా అంటుకొంటుంది. కొండ మీద కూడా అంతే. నేల 10 డిగ్రీలు ఎత్తుగా ఉన్న ప్రతిసారీ పైకి ఎక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక దళాలు లెక్క కడతాయి. చదును నేల మీద గంటకు 3 కిలోమీటర్లు నడిచే మంట 10 డిగ్రీల వాలులో 6 కిలోమీటర్లు, 20 డిగ్రీల వాలులో 12 కిలోమీటర్లు పోతుంది. మనుషులకు ఎత్తు ఎక్కే కొద్దీ నడక తగ్గుతుంది, మంటకు పరుగు పెరుగుతుంది. అందుకే మంటను చూసి కొండపైకి పరుగెత్తకూడదు. శిఖరం మీద విడిది వేసుకొన్నవాళ్ళు కింది లోయలో ఉన్న పొగను దూరమని అనుకోకూడదు.

నిప్పురవ్వ. మండుతున్న బెరడు ముక్కలు వేడిగాలితో పైకి లేచి, మంటకన్నా ముందు పోయి పడతాయి. అక్కడ కొత్త మంట మొదలవుతుంది. భయంకరమైన రోజుల్లో ఇవి కిలోమీటర్ల దూరం పోతాయి. కాబట్టి "మంటకూ మనకూ మధ్య నది ఉంది, రోడ్డు ఉంది" అనే ధైర్యం చాలదు. రవ్వ రెండింటినీ దాటగలదు.

గాలి. ఇది అన్నిటికన్నా మోసకారి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో బాగా ఎండకాసే రోజున ఎడారి వైపు నుంచి, అంటే వాయవ్యం నుంచి, వేడిగాలి వీస్తుంది. ఆ గాలికి మంట ఆగ్నేయ దిక్కుగా పొడవాటి నాలుకలా సాగుతుంది. నాలుక కొన ఇరుకుగా ఉంటుంది, రెండు పక్కలూ చాలా పొడవుగా ఉంటాయి. సాయంత్రానికి సముద్రం వైపు నుంచి చల్లని నైరుతి గాలి వస్తుంది. చల్లగాలి కదా, హాయి అనుకొంటాం. కాని గాలి మళ్ళిన ఆ నిమిషంలో నాలుక ఈశాన్యపు పక్క అంతా ముందు భాగమై కదలడం మొదలుపెడుతుంది. 2 కిలోమీటర్ల వెడల్పుతో పోతున్న మంట ఒక్కసారిగా 20 కిలోమీటర్ల వెడల్పు కావచ్చు. అప్పటిదాకా పక్కన ఉన్నాం, భయం లేదనుకొన్న ఊళ్ళు ఎదురుగా వచ్చేస్తాయి.

2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ రోజు మెల్‌బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలు. ఆ ఒక్క రోజు మంటల్లో 173 మంది చనిపోయారు. దాన్ని బ్లాక్ సాటర్‌డే అంటారు. ఆ తరవాత ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ విచారణ జరిపింది. ఉండాలా వెళ్ళాలా తేల్చుకోకుండా "కాసేపు చూద్దాం" అని ఆగినవాళ్ళు చాలామంది ఉన్నారని అందులో తేలింది. ఈ "చూద్దాం" అనే మాటే ఈ పాఠానికి కేంద్రం.

ఒకే ఒక్క రోడ్డున్న ఊరు

ఇప్పుడు పటం తెరవండి. విక్టోరియా రాష్ట్రపు తూర్పు అంచున, సముద్రం ఒడ్డున మల్లకూటా అనే ఊరు కనబడుతుంది. మెల్‌బోర్న్ నుంచి సుమారు 500 కిలోమీటర్లు. ప్రిన్సెస్ హైవే మీద బెయిర్న్స్‌డేల్, ఆర్బోస్ట్, క్యాన్ రివర్ దాటి జెనోవా అనే చిన్న ఊరి దగ్గర కుడివైపు తిరగాలి. అక్కడి నుంచి 20 కిలోమీటర్లకు పైగా అడవి మధ్య రోడ్డు. ఊళ్ళోకి వెళ్ళడానికైనా బయటికి రావడానికైనా ఆ ఒక్క రోడ్డే. మామూలు రోజుల్లో అక్కడ ఉండేది సుమారు వెయ్యి మంది. సెలవుల్లో గుడారాలవాళ్ళతో ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది.

2019 డిసెంబరు 29న ఆ ప్రాంతపు అధికారులు ఒక ప్రకటన చేశారు. ఈస్ట్ గిప్స్‌లాండ్ అంతటా ఉన్న సెలవుల ప్రయాణికులు వెంటనే బయలుదేరి వెళ్ళిపోవాలని, మరునాడు హైవే మూసుకుపోవచ్చని హెచ్చరించారు. అప్పటికి చాలా విడిదుల దగ్గర ఆకాశం నీలంగానే ఉంది. పిల్లలు నీళ్ళలో ఆడుకొంటున్నారు. కొందరు గుడారాలు పీకి బయలుదేరారు. కొందరు ఉండిపోయారు.

డిసెంబరు 31 ఉదయం మల్లకూటాలో సూర్యుడు కనబడలేదు. పొగతో ఆకాశం రాత్రిలా నల్లబడి, తరవాత ఎర్రబడింది. రోడ్డు మూసుకుపోయింది. సుమారు 4,000 మంది నీటి ఒడ్డుకు చేరారు. కొందరు పడవలెక్కి నీళ్ళలోకి వెళ్ళారు. వందకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఆ తరవాత కూడా రోడ్డు తెరుచుకోలేదు. చివరికి నౌకాదళపు ఓడ హెచ్.ఎమ్.ఏ.ఎస్. చౌల్స్ వచ్చి, జనవరి 3న సుమారు వెయ్యి మంది జనాన్ని ఎక్కించుకొని మెల్‌బోర్న్ సమీపంలోని రేవుకు చేర్చింది. కారులో ఆరేడు గంటల ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు కారును అక్కడే వదిలి ఓడలో ఇల్లు చేరారు.

అదే వారంలో పక్కనున్న న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలోనూ ప్రయాణికులంతా వెళ్ళిపోవాలని ఆదేశించారు. అందరూ ఒకేసారి రోడ్డెక్కడంతో కార్లు మైళ్ళ పొడవున నిలిచిపోయాయి. కరెంటు పోయింది కనుక చాలాచోట్ల పెట్రోలు బంకుల్లో పంపులు పనిచేయలేదు, కార్డులు పనిచేయలేదు. చేతిలో నోట్లు ఉన్నవాళ్ళే ఏదైనా కొనగలిగారు. ఆ వేసవి ముగిసేసరికి దేశం మొత్తం మీద 2.4 కోట్ల హెక్టార్లకు పైగా నేల కాలింది. 3,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. 33 మంది మంటల్లో చనిపోయారు, వారిలో అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. దాన్ని బ్లాక్ సమ్మర్ అంటారు.

ఈ కథలో మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది. మంట గుడారం దగ్గరికి రావడానికి ఎంతో ముందే రోడ్డు మూసుకుపోతుంది. ఎక్కడో 40 కిలోమీటర్ల అవతల ఒక చెట్టు రోడ్డుకు అడ్డంగా పడితే చాలు. కాబట్టి "మంట ఎంత దూరంలో ఉంది?" అన్నది రెండో ప్రశ్న. "మన రోడ్డు ఇంకా తెరిచి ఉందా?" అన్నది మొదటి ప్రశ్న. పొగ కనబడ్డాక బయలుదేరితే ఆలస్యమైనట్టే.

రేటింగ్ వేరు, హెచ్చరిక వేరు

అయితే పొగ కనబడక ముందే ఎలా తెలుస్తుంది? ఆస్ట్రేలియాలో దీనికి రెండు పద్ధతులున్నాయి. ఈ రెండింటినీ కలిపేసుకోకూడదు.

మొదటిది అగ్నిప్రమాద రేటింగ్. ఎక్కడా మంట లేకపోయినా ఇది ప్రతిరోజూ ఉంటుంది. "ఈ రోజు ఈ జిల్లాలో నిప్పు పుడితే అది ఎంత ప్రమాదం?" అన్నదే ఇది చెబుతుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా ఒకే తీరు నాలుగు మెట్లు పెట్టారు. రోడ్ల పక్కన అర్ధచంద్రాకారపు బోర్డు మీద ముల్లు వీటిని చూపిస్తుంది.

మోడరేట్, ఆకుపచ్చ: ఆలోచించుకొని సిద్ధంగా ఉండండి.
హై, పసుపు: కదలడానికి తయారుగా ఉండండి.
ఎక్స్‌ట్రీమ్, నారింజ: ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకొనే పని ఇప్పుడే చేయండి.
కటాస్ట్రాఫిక్, ఎరుపు: బతకాలంటే ఆ ప్రాంతం వదిలి వెళ్ళండి.

రెండవది హెచ్చరిక. మంట పుట్టిన తరవాతే ఇది వస్తుంది. ఇందులో మూడు మెట్లు: పసుపు రంగు అడ్వైస్, నారింజ రంగు వాచ్ అండ్ యాక్ట్, ఎరుపు రంగు ఎమర్జెన్సీ వార్నింగ్. చివరిది వచ్చేసరికి వెళ్ళిపోయే అవకాశం ఒక్కోసారి మిగలదు. అందువల్ల తెలివైన ప్రయాణికులు హెచ్చరిక కోసం ఎదురుచూడరు, రేటింగ్ చూసే నిర్ణయించుకొంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మెల్‌బోర్న్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం మల్లకూటా వైపు బయలుదేరాలనుకొంది అనుకొందాం. రేటింగును జిల్లాల వారీగా ఇస్తారు. వాళ్ళ దారి సెంట్రల్, వెస్ట్ అండ్ సౌత్ గిప్స్‌లాండ్, ఈస్ట్ గిప్స్‌లాండ్ అనే మూడు జిల్లాల గుండా పోతుంది. ఇంటి దగ్గర బోర్డు ఆకుపచ్చగా ఉంటే చాలదు. విడిది ఉన్న జిల్లా, దారిలో ఉన్న జిల్లాలు అన్నీ చూడాలి.

"నాన్నా, ఇవాళ మనకు పసుపే కదా, పోదాం" అంటుంది చిన్నమ్మాయి.

"ఇవాళ కాదమ్మా, ఎల్లుండి చూడు. ఎల్లుండి మనం గుడారంలో ఉంటాం. ఆ రోజుకు నారింజ చూపిస్తోంది" అంటాడు నాన్న.

"అయితే డబ్బు కట్టేశాం కదండీ?" అంటుంది అమ్మ.

"కట్టిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చే వారం వెళ్దాం."

ఇక్కడ నాన్న చేసింది చిన్న పనే. బయలుదేరే రోజును కాక, అడవిలో ఉండబోయే రోజులను చూశాడు. ప్రయాణం మానుకోవడం, వాయిదా వేయడం కూడా ప్రయాణ ప్రణాళికలో భాగమే.

బయలుదేరే ముందు

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు సామాను కట్టడం కొత్త కాదు. లారీలో వేసేవి ఏవో, మనతో ఉండే చేతిసంచిలో పెట్టుకోవలసినవి ఏవో మనకు బాగా తెలుసు. టి.సి., మార్కుల కాగితాలు, మందులు, తాళాలు ఎప్పుడూ లారీలో వేయం. కార్చిచ్చు కాలంలో రోడ్డెక్కేవాళ్ళు కూడా ఆ చేతిసంచి లాంటిదే ఒకటి సిద్ధం చేసుకొంటారు. గుడారం, కుర్చీలు, వంటపాత్రలు వదిలేసి ఆ ఒక్క సంచి పట్టుకొని కారెక్కగలగాలి.

అందులో ఉండవలసినవి: తాగునీళ్ళు, మందులు, ముఖ్యమైన కాగితాలు, టార్చి, బ్యాటరీతో నడిచే రేడియో, కొంత నగదు, ప్రతి ఒక్కరికీ ఒక ఉన్ని దుప్పటి, పొడుగు చేతుల నూలు బట్టలు, మూసి ఉండే తోలు బూట్లు. ఉన్ని, నూలు ఎందుకు? నైలాన్, పాలియెస్టర్ వేడికి కరిగి ఒంటికి అంటుకొంటాయి. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, వేడిని కొంత ఆపుతుంది. రేడియో ఎందుకు? మంటల్లో సెల్‌ఫోన్ టవర్లు పనిచేయకుండా పోతాయి. ఆస్ట్రేలియాలో ఏ.బి.సి. స్థానిక రేడియో కేంద్రాలు అలాంటప్పుడు హెచ్చరికలు ప్రసారం చేస్తాయి. అదే కారణంగా కాగితం మీద అచ్చువేసిన పటం కూడా ఉండాలి.

మరో మూడు అలవాట్లు. పెట్రోలు సగానికి తగ్గకముందే నింపించుకోవాలి. విడిదికి చేరగానే బయటికి పోవడానికి ఎన్ని దారులున్నాయో చూసుకోవాలి, ఒకే దారి ఉంటే ఇంకా ముందుగా బయలుదేరాలి. ఎటు వెళ్తున్నాం, ఎప్పుడు తిరిగి వస్తాం అన్నది ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్ళాలి.

గుడారం దగ్గర నిప్పు

అడవిని కాల్చే నిప్పు అన్నిసార్లూ పిడుగుతో రాదు. వదిలేసి వచ్చిన పొయ్యితో కూడా వస్తుంది. అందుకే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆస్ట్రేలియా రాష్ట్రాలు టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటిస్తాయి. ఆ రోజు ఆరుబయట చలిమంట వేయడం నేరం, పెద్ద జరిమానా ఉంటుంది. నిషేధం లేని రోజుల్లో కూడా నియమాలున్నాయి. ఉదాహరణకు విక్టోరియా అడవుల్లో మంట చుట్టూ 3 మీటర్ల వరకు ఆకులూ పుల్లలూ లేకుండా శుభ్రం చేయాలి. కనీసం 10 లీటర్ల నీళ్ళు పక్కన ఉంచుకోవాలి. పెద్దవాళ్ళు ఒకరు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

ఆర్పడం దగ్గరే చాలామంది పొరబడతారు. మట్టి, ఇసుక కప్పేస్తే మంట కనబడదు, అంతే. అడుగున నిప్పు గంటల తరబడి వేడిగా ఉంటుంది. మన పల్లెల్లో పూర్వం రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పెట్టి, తెల్లవారి ఊది పొయ్యి రాజేసేవారు. కప్పితే నిప్పు చావదు, నిద్రపోతుంది. కాబట్టి నీళ్ళు పోయాలి, కలపాలి, మళ్ళీ పోయాలి. చెయ్యి పెట్టగలిగేంత చల్లబడితేనే ఆరినట్టు.

కారు కూడా నిప్పు పెట్టగలదు. చాలాసేపు నడిచిన బండి అడుగున సైలెన్సరు గొట్టం చాలా వేడిగా ఉంటుంది. మోకాలెత్తు ఎండుగడ్డిలో బండి ఆపితే గడ్డి అంటుకోవచ్చు. గడ్డిమంట అడవిమంటకన్నా వేగమైనది, గంటకు 25 కిలోమీటర్ల దాకా పోగలదు. గడ్డి లేని గట్టినేల మీదే బండి నిలపాలి.

దారిలో చిక్కుకొంటే

ఇంత జాగ్రత్తపడినా ఎదురుగా పొగ కమ్మితే? దట్టమైన పొగలోకి బండి నడపకూడదు. వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోవాలి. ఆస్ట్రేలియాలో అత్యవసర నంబరు 000.

తిరగడానికి దారి లేకపోతే చివరి ఉపాయం ఒకటుంది. ఇది సురక్షితమైన మార్గం కాదు, వేరే మార్గం లేనప్పుడు చేసేది. చెట్లు, గడ్డి లేని ఖాళీ చోట బండి ఆపాలి. బండి ముందు భాగం మంట వచ్చే వైపు ఉండాలి. లైట్లు వెలిగించి ఉంచాలి. అద్దాలు, గాలి రంధ్రాలు మూసేయాలి. అందరూ కిటికీల కన్నా కిందికి వంగి ఉన్ని దుప్పట్లు కప్పుకోవాలి. అడవి మంటలో మనిషిని ముందు చంపేది సెగ. ఎండలో గోడ నీడ ఎలా కాపాడుతుందో, సెగకు అడ్డంగా ఉన్న ఏ వస్తువైనా అలా కొంత కాపాడుతుంది. మంట ముందు భాగం దాటిపోయేదాకా బయటికి రాకూడదు.

మన సెలవులు, మన అడవులు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన అడవుల్లో చాలాభాగం ఆకురాల్చే అడవులు. మాఘం, ఫాల్గుణం నాటికి ఆకులు రాలిపోయి, వానలు పడేదాకా నేల మీద ఎండుతూ ఉంటాయి. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ వరకు మన కార్చిచ్చు కాలం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పరుచుకొన్న నల్లమలలో వెదుళ్ళు, గడ్డి, రాలిన ఆకులు ఇంధనం. ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల్లో చీడ్ పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు, వాటిలోని జిగురు ఇంధనం. 2021లో ఒడిశాలోని సిమిలిపాల్ అడవి ఫిబ్రవరి చివర నుంచి రోజుల తరబడి కాలింది.

2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో విహారానికి వెళ్ళిన బృందాలు కార్చిచ్చులో చిక్కుకొన్నాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డి, కొండవాలు, గాలి: పైన చదివిన పాఠమంతా అక్కడ ఒకే సాయంత్రం కనబడింది.

మన దేశంలో అడవి మంటలకు చాలావరకు మనుషులే కారణం. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, బీడీ ఆకు బాగా చిగురించాలని తుప్పలు కాల్చడం, ఘాట్ రోడ్డు మీద కిటికీలోంచి విసిరిన సిగరెట్టు ముక్క, వంట చేసుకొని వదిలేసిన మూడు రాళ్ళ పొయ్యి. శివరాత్రికి నల్లమల దారుల్లో శ్రీశైలం నడిచి వెళ్ళే భక్తులు వేలల్లో ఉంటారు. వారిలో ఒక్కరు పొయ్యి ఆర్పకపోయినా చాలు. అటవీశాఖ వాళ్ళు వేసవికి ముందే అడవిలో ఆకులు తొలగించి ఫైర్ లైన్లు వేస్తారు. ఇంధనం లేని గీత దగ్గర నేలమంట ఆగుతుందన్న చిన్న సూత్రమే ఇందులో ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను కనిపెట్టి ఫోన్లకు సందేశాలు పంపుతుంది. మనం కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. మంట చూస్తే 112కు గాని, 101కు గాని ఫోన్ చేయాలి.

మిత్రులారా, బదిలీల వల్ల మనం ఏ ఊళ్ళోనైనా కొత్తవాళ్ళమే. మల్లకూటా ఒడ్డున నిలబడ్డవాళ్ళలో కూడా ఎక్కువమంది ఆ ఊరికి కొత్తవాళ్ళు. ఏ నెలలో ఏ కొండ కాలుతుందో, ఏ గాలి ఎప్పుడు మళ్ళుతుందో, ఏ రోడ్డు ముందు మూసుకుపోతుందో పాతవాళ్ళకు తెలుస్తుంది. కొత్తవాళ్ళు అడిగి తెలుసుకోవాలి. అడగడం నామోషీ కాదు. కాలనీలో కొత్త ఇల్లు చేరగానే నీళ్ళు ఎప్పుడు వస్తాయో, పాలు ఎవరు పోస్తారో అడుగుతాం కదా. విహారానికి వెళ్ళే ముందు అడవి సంగతీ అలాగే అడుగుదాం.

అభ్యాసం

1. చదును నేల మీద గంటకు 2 కిలోమీటర్లు పోయే మంట 20 డిగ్రీల వాలు పైకి ఎంత వేగంతో పోతుంది? గంటకు 4 కిలోమీటర్లు ఎక్కగల మనిషి దాన్ని తప్పించుకోగలడా?

2. వాయవ్య గాలికి మంట ఆగ్నేయంగా 15 కిలోమీటర్లు సాగింది. దాని ముందు భాగం వెడల్పు 1 కిలోమీటరు. గాలి నైరుతికి మళ్ళితే కొత్త ముందు భాగం పొడవు సుమారు ఎంత? బొమ్మ గీసి చూపండి.

3. రేటింగుకూ హెచ్చరికకూ తేడా ఏమిటి? మీ విడిది ఉన్న జిల్లాకు రేపు ఎక్స్‌ట్రీమ్ ప్రకటించారు, ఇప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది. మీరేం చేస్తారు? ఎందుకు?

4. ఇప్పుడు మీరు ఉంటున్న ఊరికి దగ్గరలో ఉన్న అడవి పేరేమిటి? అక్కడ ఏ చెట్లు, ఏ గడ్డి ఎక్కువ? ఏ నెలల్లో మంటలు వస్తాయి? స్థానిక మిత్రుణ్ణి గాని, అటవీశాఖ ఉద్యోగిని గాని అడిగి ఒక పేజీ రాయండి.

5. మీ ఇంట్లో అయిదు నిమిషాల్లో పట్టుకుపోవలసిన సంచిలో ఏవేం ఉండాలో అమ్మానాన్నలతో, ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే వారితో కూడా కూర్చొని జాబితా తయారుచేయండి. వాళ్ళ మందుల పేర్లు మరచిపోవద్దు.